కంటికీ హక్కుంది

విశాఖ ఉక్కు కర్మాగారంలో రాజేసిన బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాత్రి ఆర్పి పొద్దున వెలిగించడం కుదరదు. అందుకే సి షిఫ్టు. రాత్రంతా పనిచేసి, ఫజ్ర్ నమాజు అక్కడే చేసుకుని గాజువాక చేరిన కార్మికునికి పడుకున్నా నిద్ర పట్టదు. అల్లాహ్ రాత్రిని విశ్రాంతి కోసం చేశాడు కదా, మరి ఆ అనుగ్రహానికి తాను దూరమైనట్టేనా అని అతని బెంగ.

కానే కాదు. రూమ్ సూరా 23వ ఆయతు రాత్రి నిద్రతోపాటు పగటి నిద్రనూ దైవసూచనగానే పేర్కొంది. జీవనోపాధి అన్వేషణను దాని పక్కనే చేర్చింది.

పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజులో గడిపే అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి)ను దైవప్రవక్త (స) వారించారు. శరీరానికి, కంటికి కూడా మనపై హక్కుందని బోధించారు. ఆరాధన కోసమే ఆ హక్కును కాలరాయకూడదంటే, సెల్‌ఫోన్ కోసం కాలరాయవచ్చా?

శరీరంలోని గడియారం వెలుతురును బట్టి నడుస్తుంది. కనుక పగలు పడుకునేవారు కిటికీలకు మందపాటి తెరలు వేసుకోవాలి. షిఫ్టు చివరి గంటల్లో టీ మానాలి. వుజూ చేసి, కుడిపక్కకు ఒరిగి, దుఆ చదివి పడుకోవడం సున్నత్. వారాల తరబడి నిద్ర లేకపోతే వైద్యుణ్ణి కలవాలేగాని సొంతంగా నిద్రమాత్రలు మింగరాదు.

అయితే ఈ హక్కును అతనొక్కడే నెరవేర్చలేడు. పక్కింట్లో పడుకున్నాడని తెలిసీ టీవీ హోరెత్తించేవారి సంగతేమిటి? మన సభల మైకులకూ మినహాయింపు లేదు. సి షిఫ్టు వారంలో ఆ తలుపు తట్టే పనేదైనా ఉంటే అస్ర్ తర్వాత పెట్టుకుందాం.