ఎవరింట్లో చేసినవి?

సంక్రాంతి నెల పట్టిందంటే చాలు, మన గోదావరి జిల్లాల్లో ఏ ఊరి బస్టాండు పక్కన చూసినా అట్టపెట్టెల గుట్టలు వెలుస్తాయి. అరిసెలు, పాకుండలు, సున్నుండలు, గోరుమిటీలు, జంతికలు... అన్ని పెట్టెల మీదా ఒకటే మాట, పెద్ద అక్షరాల్లో: "ఇంట్లో చేసినవి". ఆ మాట చూడగానే మనకి ప్రాణం లేచొస్తుంది. ధర కాస్త ఎక్కువైనా ఇచ్చేస్తాం. నాకు మాత్రం అది చదివినప్పుడల్లా ఓ పిచ్చి ప్రశ్న పుడుతుంది. ఇంట్లో చేసినవే, ఒప్పుకున్నాం. ఎవరింట్లో?

నవ్వకండి. బి.ఏ.లో ఫిలాసఫీ చదివితే ఇలాంటి జబ్బులే వస్తాయి. మనిషిని కేవలం సాధనంగా వాడుకోకూడదని కాంట్ అనే పెద్దమనిషి అన్నాడని మా మేష్టారు బోర్డు మీద రాసినప్పుడు, అది పరీక్షలో వస్తుందా రాదా అన్నదే మా దిగులు. పాతికేళ్ళ తరవాత అరిసెల పెట్టె ముందు నిలబడితే ఆయన గుర్తొస్తాడని ఎవరనుకున్నారు?

మా అమ్మమ్మ హయాంలో సారె కొనడమంటే పరువు తక్కువ. "మిఠాయి కొట్టు సారెటండీ!" అని వీధిలో ఆడవాళ్ళు మూతి విరిచేవారు. తాపేశ్వరం కాజా ఎంత రుచైనా సరే, దాని స్థానం పక్కనే గానీ సారె నడుమ కాదు. నడుమ ఉండాల్సింది అరిసె. అది కూడా లెక్క ప్రకారం. ఫ్రెంచి పండితుడు మార్సెల్ మోస్ 1925లో అచ్చయిన వ్యాసంలో, కానుక అన్నది ఎక్కడా ఊరికే ఇచ్చేది కాదనీ, ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం మూడూ బాధ్యతలేననీ వాదించాడు. పాపం ఆయన అంత శ్రమ పడక్కర్లేదు. మన కోనసీమ వియ్యపురాలు ఎవరైనా వీధరుగు మీద కూర్చుని అరగంటలో చెప్పేసేది. సారె పెట్టెలు దిగగానే ఆవిడ చేసే మొదటి పని లెక్కపెట్టడమే కదా! తరవాత ఊరంతా పంచుతారు. పంచుతూ "ఫలానా వారింటి సారె" అంటారు. ఆ ఫలానా అన్నది పుట్టింటి ఇంటిపేరు, అంటే తండ్రిది. పొయ్యి దగ్గర మూడు రోజులు మాడినావిడ పేరు ఆ పంపకంలో ఎక్కడా వినబడదు.

అరిసె సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. తెలియని పిల్లల కోసం చెబుతున్నాను. కొత్త బియ్యం నానబెట్టి, నీళ్ళు వోడ్చి, తడి ఆరకుండా దంచాలి. జల్లెడ పట్టిన పిండిని నొక్కి మూతపెట్టాలి, గాలి తగిలితే పని చెడుతుంది. బెల్లం పాకం సరిగ్గా ఉండ కట్టే చోట ఆపాలి. పళ్ళెంలో నీళ్ళు పోసి, ఓ చుక్క పాకం వేసి, వేలితో దగ్గరికి తీసి చూడాలి. ముదిరిందా, అరిసెలు రాళ్ళు. లేతగా ఉందా, నూనెలో విచ్చుకుపోయి మూకుడంతా గందరగోళం. తీసిన అరిసెని చెక్కల మధ్య నొక్కి నూనె పిండాలి. ఇందులో ఏ ఒక్కటీ ఒంటి చేత్తో అయ్యే పని కాదు.

అక్కడే ఉంది తిరకాసు. మా అమ్మమ్మ ఇంట పిండి దంచడానికి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చేవారు. ఒకరి రోకలి లేస్తుంటే మరొకరిది దిగేది, ఆ దెబ్బకి పెరట్లో కోళ్ళు కూడా పక్కకి తప్పుకునేవి. సాయంత్రానికి వాళ్ళ కొంగులో తవ్వెడు బియ్యం, నాలుగు విరిగిన అరిసెలు. విరిగినవే ఎందుకంటే, విరగనివి లెక్కకి కావాలి. మర్నాడు ఊరంతా "అమ్మమ్మగారి చేతి అరిసెలు" అని మెచ్చుకునేది. పాకం చెయ్యి అమ్మమ్మదే, కాదనను. కానీ ఆ రోకళ్ళ మాటేమిటి? అంచేత, మనం తలుచుకుని తలుచుకుని మురిసిపోయే ఆ పాత రోజుల్లో కూడా "ఇంట్లో చేసినవి" అన్నీ ఆ ఇంటివాళ్ళు చేసినవి కావు. కూలి ఇచ్చి చేయించినవే. కాకపోతే ఆ కూలిని కూలి అనేవారు కాదు, "ఏదో చేతిలో పెట్టడం" అనేవారు.

ఇక పూతరేకుల సంగతి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో వరికి కరువు లేదు, వరితో చేసే చిత్రాలకీ కరువు లేదు. వాటిలో పరాకాష్ఠ ఆత్రేయపురంలో ఉంది. కుండ బోర్లించి, కింద ఎండు కొబ్బరాకుల మంట పెడతారు. నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండి పల్చగా కలిపి, అందులో గుడ్డ ముంచి, కాలే కుండ మీద ఒక్క లాగు లాగుతారు. అంతే, కాగితం కంటే పల్చటి పొర. కుండ వేడి చేతికి తగులుతూనే ఉంటుంది, పొగ కళ్ళలోకి వస్తూనే ఉంటుంది. ఆ పొర లేపడం చూసి "ఆహా, కళ!" అనని వాళ్ళుండరు. కళే. కానీ కచేరీ చేసే విద్వాంసుడిని మనం వందకింత అని అడగం. ఈవిడని అడుగుతాం, వంద రేకులు ఎంతకిస్తావు, కాస్త తగ్గించుకో అని. ఆ అడిగేది కూడా ఆవిడ వాకిట్లోనే నిలబడి. అదీ ఇల్లే కదండీ. "ఇంట్లో చేసినవి" అన్న మాట కొనేటప్పుడు మనకి ముద్దు, డబ్బు ఇచ్చేటప్పుడు మాత్రం "ఇంట్లో కూర్చుని చేసేదేగా" అయిపోతుంది. ఒకే ఇల్లు, రెండు తూకాలు.

ఈ రెండు తూకాల సంగతి గోదావరికి ఇవతలి గట్టున మన కంటే ముందే ఒకావిడ పట్టుకుంది. ఆవిడ తెలుగావిడ కూడా కాదు, జర్మనీ దేశస్థురాలు, మరియా మీస్. నర్సాపురం లేసు గురించి 1982లో ఇంగ్లీషులో ఆవిడ పుస్తకం వచ్చింది. నర్సాపురం, పాలకొల్లు చుట్టుపక్కల లేసు అల్లిక పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు పేద స్త్రీలకి నేర్పిన విద్య. పోనుపోను గడప దాటని సంసార స్త్రీల చేతుల్లోకీ వచ్చింది. ఏజెంటు దారం తెచ్చి ఇస్తాడు, అల్లినది పట్టుకెళ్తాడు, చేతిపని ఒకరిది, అతుకుపని ఇంకొకరిది. అది ఏ దేశంలో ఎవరి భోజనాల బల్ల మీద పరుచుకుంటుందో అల్లినావిడకి తెలియదు. మీస్ గమనించిందేమిటంటే, రోజుకి ఆరేడు గంటలు సూది ఆడించే ఈ ఆడవాళ్ళని వ్యాపారులే కాదు, ఇంట్లో మగవాళ్ళు, ఆఖరికి వాళ్ళకి వాళ్ళు కూడా పనివాళ్ళనుకోలేదు. "తీరిక వేళల్లో అల్లుకుంటారు" అన్నారు. తీరిక అనేశాక ఇక కూలి ఎంతివ్వాలన్న ప్రశ్నే లేదు కదా. జనాభా లెక్కల్లోనూ వాళ్ళు పనిచేసేవాళ్ళుగా పెద్దగా కనబడలేదు.

ఈ తీరిక అనే మాట నాకు బాగా పరిచయం. నవలలు రాసేదాన్ని కదా, పెళ్ళిళ్ళలో కలిసిన ప్రతివారూ "మీకేవండీ, ఇంట్లో కూర్చుని తీరిగ్గా రాసుకుంటారు" అంటారు. పొయ్యి మీద పప్పు మాడకుండా, ఫోను మోగకుండా, మావారి కళ్ళజోడు నేను వెతికిపెట్టకుండా గడిచే గంట నాకెప్పుడైనా దొరికితే, ఆ తీరిక ఎలా ఉంటుందో రాసి పంపిస్తాను లెండి. అయితే నాకొక అదృష్టం ఉంది. రాసినదాని కింద నా పేరు ఉంటుంది.

2023లో ఆత్రేయపురం పూతరేకులకీ, 2024లో నర్సాపురం లేసుకీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే, ఊరి పేరు పెట్టుకుని ఎవడు పడితే వాడు అమ్ముకోవడానికి లేదు. సంతోషించాను. కానీ చూడండి, ఆ చట్టం కాపాడేది ఊరి పేరుని. రేకు తీసిన చేతికి ఎంత ముట్టాలో అందులో ఉండదు. సారెలో ఇంటిపేరు, పెట్టె మీద ఊరి పేరు. మనిషి పేరు మళ్ళీ లేదు.

ఇదంతా మా వదినతో అంటే ఆవిడ ఒప్పుకోలేదు. "నువ్వు మరీ చోద్యం. ప్రేమతో చేసేదానికి ఖరీదు కడితే ఇంక ప్రేమేం మిగులుతుందే?" అంది. ఈ ప్రశ్నని తీసి పారెయ్యలేం. మా అబ్బాయి పుట్టినప్పుడు మా అమ్మ తన పాత నేత చీరలు నాలుగు పొరలుగా వేసి బొంత కుట్టింది. కంటి చూపు ఆనకపోయినా కుట్టు మాత్రం చీమల బారులా తిన్నగా వచ్చింది. దానికి ఎవరైనా వెల కడతానంటే నేనే తరిమికొడతాను. ఎందుకంటే అమ్మకి తెలుసు, అది ఎవరి ఒంటికింద పరుచుకుంటుందో. ఫలానా వాడి కోసం అనుకుని కుట్టింది, కుట్టనని అనగలిగి ఉండి కూడా కుట్టింది. నర్సాపురంలో సూది పట్టినావిడకి ఈ రెండూ లేవు. మొహం తెలియని వాళ్ళ కోసం చేస్తుంది, మానేస్తే ఇల్లు గడవదు. ఆవిడ దగ్గర ప్రేమ అడగడానికి మనకేం హక్కుంది? అడిగిన ధర ఇవ్వడమే అక్కడ మర్యాద.

"మరి మన అమ్మ సారె కోసం చేసిన అరిసెలో?" అంది వదిన. మా అత్తవారిని అమ్మ ఎంచుకోలేదు, నాన్న ఎంచుకున్నారు. చెయ్యనని అనగల వీలు అమ్మకి ఎప్పుడూ లేదు. అయినా పాకం చుక్క నీళ్ళలో వేసి చూసేటప్పుడు అమ్మ మొహంలో ఉన్నది ఒట్టి భయమేనా, నా మీద మమకారమా అంటే, రెండూ విడదీసి చూపించమంటే నా వల్ల కాదు. వదినకీ కాలేదు. ఇద్దరం కాసేపు ఊరుకున్నాం.

ఆ తరవాత పనిలో పడ్డాం. మా మేనకోడలికి ఇది పెళ్ళయ్యాక మొదటి సంక్రాంతి, సారె పంపాలి. అన్నయ్యని కూడా కూర్చోబెట్టి, అరిసెలు ఇంట్లోనే, అందరం చేసేలా. సున్నుండలు కూడా అలాగే. మిగతావి కొనేలా, కొన్నచోట బేరమాడకుండా ఉండేలా మాట అనుకున్నాం. అన్నయ్య చెక్కలతో అరిసెలు నొక్కే పని తీసుకున్నాడు. మొదటి వాయిలో అరడజను విరిచి, ఇదేదో తన పొలం లెక్క చూసుకోవడం కంటే కష్టంగా ఉందన్నాడు. ఆ విరిగినవి ఈసారి మేమే తిన్నాం.

పూతరేకుల కోసం ఆత్రేయపురంలో ఒకావిడకి ఫోను చేశాను. ఆవిడ చెప్పిన ధరకి సరేనన్నాను. ఓ క్షణం అనుమానంగా ఆగింది, బేరం రాలేదని కాబోలు. "పెట్టెల మీద మీ పేరు కూడా రాయిద్దామనుకుంటున్నాను, చెప్పండి" అన్నాను, కాస్త గర్వంగానే.

"ఆయ్, పేరుదేముందండి, రాసుకుంటే రాసుకోండి. ముందు సగం డబ్బులు పంపించండి, బియ్యం కొనాలి, నెయ్యి కొనాలి. కిందటేడు ఒకరు సరుకు పట్టుకెళ్ళి కనుమ వెళ్ళాక కూడా ఇవ్వలేదు."

సగం కాదు, మొత్తం పంపాను. ముట్టిందని సాయంత్రం ఫోను చేసి, పేరు అప్పుడు చెప్పింది.