నూనె చెయ్యి

మావారికి కొలెస్ట్రాల్ ఉందని తేలాక మా వంటింట్లోకి నూనె చిమ్మే సీసా ఒకటి వచ్చింది. అయిపోతే మళ్ళీ నింపుకోవచ్చు. పెనం మీద రెండుసార్లు నొక్కితే దోసె హాయిగా లేచొస్తుంది. చెంచాడు నూనె అంటే సుమారు 40 కేలరీలు మరి!

మొన్న ఊరినుంచి వచ్చిన మా అత్తగారు అది చూసి, "అమ్మాయీ, దోసె వేస్తున్నావా, దోమలమందు కొడుతున్నావా?" అన్నారు. నవ్వేశాను గానీ, గుచ్చుకుంది. కొడుక్కి ధారగా నూనె పోయడం ఆవిడ ప్రేమ. పోయకుండా చెయ్యి బిగపట్టుకోవడం నాది. తినేవాళ్ళకి ఏది ప్రేమగా తెలుస్తుందంటారు?

మర్నాడు నేను పూజలో ఉండగా వంటింట్లోంచి నూనెలో కాలుతున్న దోసె వాసన! ఆయన మొహంలో వెలుగు చూసి ఊరుకున్నాను. మంచితనమో, పిరికితనమో, నాకే తెలియలేదు.

ఆవిడ బస్సెక్కాక సీసా నింపుదామని చూద్దును కదా, నాలుగు రోజులనాటి నూనె అలాగే ఉంది.