గుర్తుపట్టినవాళ్ళదే సగం వేషం

ఛత్తీస్‌గఢ్ గాయని తీజన్‌బాయి మహాభారత కథను పాండవానీగా పాడుతుంటే ఆమె చేతిలో ఉండేది ఒక్క తంబూరా. భుజాన వేసుకుంటే అది భీముడి గద. ముందుకు చాస్తే అర్జునుడి విల్లు. కాసేపటికి అదే రథం. ఆవిడ చీర మార్చేది కాదు, కిరీటం పెట్టేది కాదు. అయినా ఎదురుగా కూర్చున్నవాళ్ళకు కురుక్షేత్రం కళ్ళకు కట్టేది. కథ జనానికి ముందే తెలుసు కాబట్టి, తంబూరా పైకి లేవగానే భీముణ్ణి వాళ్ళే తెచ్చుకునేవారు. భిలాయి పక్కన గనియారీలో పుట్టిన ఆవిడకు 2019లో పద్మవిభూషణ్ ఇచ్చారు. మా రాయపూర్‌లో ఆ పేరు వినని ఇల్లు ఉండదేమో.

ఆవిడ కళ గురించి నేను గట్టిగా ఆలోచించింది మాత్రం హైదరాబాద్ హైటెక్స్‌లో, బొమ్మల కథల అభిమానులు వేషాలు కట్టి చేరే కామిక్ కాన్ హాల్లో. అప్పుడు నా వీపున ఒక అట్టపెట్టె, చెవులకు కాయితం లోలాకులు, నుదుటి మీద ఎర్రరంగుతో దిద్దిన మచ్చ ఉన్నాయి.

ఆ వేషం తంజిరోది. ‘డీమన్ స్లేయర్’ తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. తంజిరో ఇంట్లోవాళ్ళను రాక్షసుడు చంపేస్తాడు. బతికి బయటపడ్డ చెల్లెలు నెజుకో తానే రాక్షసిగా మారిపోతుంది. ఆమెకు ఎండ తగలకూడదు. అందుకని అన్న ఆమెను చెక్కపెట్టెలో పెట్టి వీపున మోసుకుంటూ, మళ్ళీ మనిషిని చేసే మందు కోసం ఊళ్ళు పట్టుకు తిరుగుతాడు. కోయొహారు గొతోగె గీసిన ఈ కథ 2016 నుంచి 2020 దాకా జపాన్‌లో ఒక వారపత్రికలో వచ్చింది. 2025 సెప్టెంబరులో దీని సినిమా మన థియేటర్లలో తెలుగు మాటలతో కూడా ఆడింది. చెల్లెల్ని మోసే అన్న కథ మనవాళ్ళకు నచ్చడంలో వింతేముంది?

ఆకుపచ్చ, నలుపు గళ్ళ పైకోటు రాయపూర్‌లోనే కుట్టించాను. మా పేట దర్జీ బట్ట విప్పి చూసి, బాబుకా, స్కూల్లో ఏం నాటకం అని అడిగాడు. నాకే అన్నాను. టేపు మెడలో వేసుకుంటూ ‘అచ్ఛా’ అన్నాడు. ఆ ఒక్క మాటలో అంత జాలి పడుతుందని నాకు అంతకుముందు తెలియదు. నాగపూర్, బల్లార్షా, కాజీపేట మీదుగా వచ్చే సికింద్రాబాద్ బండిలో ఎదుటి బెర్తు పెద్దాయన పెట్టెలో ఏముందని అడిగారు. ఖాళీ అన్నాను. ఖాళీ పెట్టెను ఇంత భద్రంగా ఎవరు పట్టుకెళతారని ఆయన అనుమానం. దీపాలు ఆర్పేదాకా దాని మీదనుంచి చూపు తిప్పలేదు.

హాల్లో ఒక చిన్నపిల్ల, రెండో క్లాసో మూడో క్లాసో, వెనకనుంచి వచ్చి పెట్టెను రెండు వేళ్ళతో మెల్లగా తట్టింది.

“అంకుల్, నెజుకో పడుకుందా?”

“పగలు కదమ్మా” అన్నాను.

అర్థమైనట్టు తలూపి, పక్కన ఫోన్లో మాట్లాడుతున్న వాళ్ళమ్మకు గట్టిగా మాట్లాడొద్దని సైగ చేసింది. కథలో తంజిరోకు పదిహేనేళ్ళు. అంకుల్ అనిపించుకున్న తంజిరో బహుశా నేనొక్కణ్ణే అయి ఉంటాను. కానీ ఆ క్షణం నుంచి పెట్టె బరువెక్కింది. జనంలో వంగినప్పుడు, పక్కకు తిరిగినప్పుడు అది ఎవరికీ తగలకుండా చూసుకున్నాను.

అట్ట అదే, జిగురు అదే. రైల్లో ఖాళీ, హాల్లో నిద్రపోతున్న చెల్లెలు. నేను చేసిందేమీ లేదు, చేసిందంతా ఆ పిల్ల. తీజన్‌బాయి తంబూరా ఎలా గద అయ్యేదో అప్పుడు తెలిసింది. వేషం కట్టేవాడు తెచ్చేది సగమే. మిగతా సగం గుర్తుపట్టేవాళ్ళ దగ్గర ఉంటుంది. పల్లెలో పాండవుల కథ అందరి సొత్తు గనక ఆ సగం ఏ చెట్టు కిందనైనా దొరికేది. మా తరానికి పంచుకున్న కథలు ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. నా పక్కింటాయనకు తంజిరో ఎవరో తెలియదు, ఆయన చూసే సీరియల్లో ఎవరెవరో నాకు తెలియదు. అందుకే ఒకే కథ తెలిసినవాళ్ళంతా టికెట్టు కొనుక్కుని ఒక కప్పు కిందికి చేరాల్సి వస్తోంది. 2011లో ఢిల్లీలో మొదలైన ఈ సంబరం 2013లో హైదరాబాద్ వచ్చింది. పేరుకు కామిక్ కాన్, నా కళ్ళకు ఎటు చూసినా అనిమే, అంటే జపాన్ కదిలే బొమ్మల కథల, జనమే కనిపించారు.

గుర్తుపట్టడం అనే ఈ సంగతి నన్ను ఇంతగా పట్టుకోవడానికి ఇంకో కారణం ఉంది. మా తాతగారు బెంగాల్ నాగపూర్ రైల్వే వేసిన విజయనగరం లైను మీదుగా రాయపూర్ చేరారు. మా కుటుంబం ఇక్కడే ఉండిపోయింది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కూరగాయల సంతలో ఛత్తీస్‌గఢీ. రాయపూర్‌లో పాతతరంవాళ్ళకు మేమింకా ‘మద్రాసీలమే’. విజయనగరం వెళితే నా తెలుగు విని మేనత్త పిల్లలు నవ్వుకుంటారు. హైదరాబాద్‌లో నేను తెలుగులో అడిగితే ఆటో అతను హిందీలో జవాబు చెబుతాడు. ఎక్కడికెళ్ళినా మొదటి ప్రశ్న ‘మీది ఏ ఊరు?’ హాల్లో ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు. వేసిందల్లా నా లోలాకులు చేత్తో చేసినవా, కొన్నవా అని. మనిషిని ఊరుతో కాకుండా ఇష్టంతో గుర్తుపట్టే చోటు ఒకటి ఉండటం ఎంత హాయో, సొంతూళ్ళో సొంతభాషలో బతికేవాళ్ళకు చెప్పడం కష్టం.

ఇదంతా జపాన్ పిచ్చి అని మా పెద్దవాళ్ళు కొట్టిపారేస్తారు. కానీ ఇలాంటి సభకు వేషం వేసుకెళ్ళినట్టు తొలిరోజుల్లో నమోదైంది 1939లో, న్యూయార్క్‌లో. సైన్స్ ఫిక్షన్ అభిమానుల తొలి ప్రపంచ సమావేశానికి ఫారెస్ట్ అకర్‌మన్, మర్టిల్ డగ్లస్ అనే ఇద్దరు భవిష్యత్ కాలపు దుస్తుల్లో వెళ్ళారు. రెండు జతలూ కుట్టింది ఆమె, చాలాకాలం పేరొచ్చింది ఆయనకు. ఇక జపాన్ సంగతికొస్తే, చిన్నప్పుడు దూరదర్శన్‌లో ఆదివారం పూట మేం ఒళ్ళు మరిచి చూసిన ‘జంగిల్ బుక్’ జపాన్‌వాళ్ళు తీసిందే. కిప్లింగ్ ఆ కథను పెట్టింది సివనీ అడవుల్లో. అప్పట్లో రాయపూర్, సివనీ ఒకే మధ్యప్రదేశ్. మా పక్క అడవి పిల్లవాడు టోక్యో చుట్టి హిందీలో మా ఇంటికొచ్చాడన్నమాట. ఏది ఎవరిదో తేల్చడం మొదలుపెడితే మోగ్లీని ఎవరికి అప్పజెప్పాలి?

మనకు మాత్రం వేషాలు కొత్తా? తిరుపతి గంగమ్మ జాతరలో మీసాలున్న మగవాళ్ళు చీర కట్టి, పూలు ముడిచి మొక్కు తీర్చుకుంటారు. పగటివేషగాళ్ళు రోజుకో రూపంలో ఊరంతా తిరిగేవారు. అర్ధనారీశ్వర వేషం చూడటానికి జనం పనులు మానుకుని వచ్చేవారట. పెద్దవాళ్ళు ఈ మాట మురిపెంగా చెబుతారు. చెప్పకుండా వదిలేసేది ఒకటుంది. ఆ వేషం కొన్ని కులాల బతుకుతెరువు. పొద్దున శివుడిగా దణ్ణాలందుకున్నవాడు సాయంత్రానికి గుమ్మం బయట చేయి చాచాల్సిందే. శివుడి వేషం అతని ఇష్టంతో పనిలేకుండా పుట్టుకతో వచ్చిపడింది. రైతు కొడుకు సరదాకు వేస్తానంటే ఇంట్లో ఒప్పుకునేవారూ కారు. ఎవరు ఏ వేషం కట్టాలో, ఎవరు కూర్చుని చూడాలో ఊరే తేల్చేది.

తీజన్‌బాయి కథ ఇక్కడే మళ్ళీ గుర్తొస్తుంది. అప్పట్లో ఆడవాళ్ళు పాండవానీ పాడితే కూర్చునే పాడాలనేవారు. నిలబడి, అభినయిస్తూ, గర్జిస్తూ పాడే కాపాలిక పద్ధతి మగవాళ్ళదిగా ఉండేది. ఆవిడ నిలబడింది. కులంవాళ్ళు వెలివేశారు. సొంతంగా గుడిసె వేసుకుని ఒంటరిగా బతికింది, పాట మానలేదు. భీముడి వేషం తనకు రాసిపెట్టి లేదని అందరూ అంటున్నా ఆవిడే ఎంచుకుంది.

హైటెక్స్ హాల్లో మూడు కత్తులతో జోరో అనే మగ కత్తివీరుడి వేషంలో ఒకమ్మాయి కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడితే, కుర్రాళ్ళు వరసకట్టి ఫొటో అడిగారు. గడ్డం నున్నగా గీసుకుని స్కూలు పిల్ల గౌనులో వచ్చిన అబ్బాయిని చూసి ఎవరూ ఎగతాళిగా ఈల వేయలేదు. వాళ్ళలో ఎవరికీ వెలి భరించాల్సిన పని లేదు, నిజమే. ధైర్యంలో తీజన్‌బాయి పక్కన నిలబెట్టనూ నిలబెట్టను. కానీ నేను ఎవరో నేనే ఎంచుకుంటాను అన్న మాట ఆ హాల్లో మామూలు మాట. మన పాత వేషాలకు లేనిది, నన్నడిగితే, అదొక్కటే.

అంతా బంగారమేమీ కాదు. చామనఛాయ అమ్మాయి తెల్లటి బొమ్మ వేషం వేస్తే, ‘రంగు సరిపోలేదు’ అని పక్కనే నిలబడి అనేవాళ్ళున్నారు. గీసిన బొమ్మ రంగు సిరాదేనని వాళ్ళకు తట్టదు. అడక్కుండా ఫొటోలు తీసేవాళ్ళూ, భుజం మీద చేయి వేసేవాళ్ళూ ఉంటారు. వేషం వేసినంత మాత్రాన అనుమతి ఇచ్చినట్టు కాదని 2014లో న్యూయార్క్ కామిక్ కాన్‌లో బోర్డులు పెట్టాల్సొచ్చింది. మన దగ్గర ఆ బోర్డు ఇంకా పెద్ద అక్షరాల్లో కావాలి. డబ్బు తేడా కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తెప్పించుకున్న రెడీమేడ్ వేషం తళతళలాడుతుంది. పక్కనే వ్యాయామపు చాపలు కోసి, హీట్ గన్‌తో వంచి, ఫెవికాల్‌తో అతికించి, రాత్రుళ్ళు కూర్చుని రంగులేసిన కవచం అక్కడక్కడా ఊడుతుంటుంది. నా ఓటు ఊడే కవచానికే. దాన్ని కట్టుకున్న కుర్రాడు ప్రతి అతుకు గురించీ పది నిమిషాలు చెబుతాడు, విసుగు రాదు.

రాయపూర్‌లో తెలుగువాళ్ళు కలిసేది ఉగాదికి, సంక్రాంతికి. ప్రతిసారీ పిల్లలకు వేషధారణ పోటీ పెడతారు. అల్లూరి సీతారామరాజులు, ఝాన్సీ రాణులు, ఇద్దరో ముగ్గురో కృష్ణులు. పన్నెండేళ్ళు దాటితే పేరు రాసుకోరు. ఆ వయసు దాటినవాడు ఉద్యోగి వేషం, అల్లుడి వేషం, అపార్ట్‌మెంటు కార్యదర్శి వేషం వేయవచ్చు, వాటికి పోటీ అక్కర్లేదు. మా తెలుగు సంఘం పెద్దలకు ఈ పత్రిక ద్వారా నా మనవి ఒక్కటే. వచ్చే ఉగాదికి ఆ వయసు నిబంధన తీసేయండి. ఫలానా వేషమే వేయాలని కూడా పెట్టకండి. తంజిరో ఎవరో తెలియని పెద్దవాళ్ళకు ముందు వరసలో కూర్చుని నేనే కథ చెబుతాను. పేర్ల జాబితా మొదలుపెట్టినప్పుడు మొదటి పేరు నాది రాసుకోండి.