దేహభారము - తులాభారము

తిరుమల శ్రీవారికి తులాభారము సమర్పించుట భక్తులకు చిరకాలముగా వచ్చుచున్న సంప్రదాయము. సంతానము కలిగినచో, లేదా బిడ్డకు వచ్చిన రోగము తీరినచో, బిడ్డ యెత్తు బెల్లమో పటికబెల్లమో నాణెములో స్వామికి ఇత్తుమని తల్లిదండ్రులు మ్రొక్కుకొందురు. త్రాసున ఒక ప్రక్క పసిబిడ్డను కూర్చుండబెట్టి రెండవ ప్రక్క ద్రవ్యమును వేయుచుండగా, త్రాసు ఎంత ఆలస్యముగా సరితూగిన తల్లికి అంత ఆనందము. బిడ్డ బరువెక్కెననగా స్వామి అనుగ్రహము నిండెనని ఆమె భావన. పదునాలుగేండ్లు గడచును. ఆ బిడ్డయే ఇంటిలో బరువు చూచుకొను యంత్రముపై నిలుచును. ఈ మారు అంకె పెరిగినచో బిడ్డ మొగము వాడును, తల్లి మనస్సు కలత చెందును. బిడ్డ ఈ నడుమ ఏ అపరాధమును చేయలేదు. చూచువారి చూపు మారినది. ఈ మారిన చూపు ధర్మసమ్మతమా యని గృహస్థులు విచారింపవలసిన కాలము వచ్చినది.

ఆటలయందు ఆసక్తి గల పదునాలుగేండ్ల బాలికను తలచుకొనుడు. ఉదయము అయిదు గంటలకే లేచి మైదానమునకు పోవును. కబడ్డీ యాడును, లేదా కుస్తీ పట్టును, లేదా బరువులెత్తును. తొడలు, భుజములు బలిసినవి. పెండ్లింట పిన్ని చూచి "ఏమిటే, మగపిల్లాడిలా తయారయ్యావు!" అని నవ్వును. మేనత్త "కాస్త ఒళ్ళు తగ్గించవే, రేపు సంబంధాలు చూడవద్దా?" అని హితవు చెప్పును. శిక్షకుడు రెండు కిలోలు తగ్గినచో క్రింది విభాగమున పోటీ చేయవచ్చుననును. చేతనున్న సెల్‌ఫోను సన్నని దేహములనే మరల మరల చూపును. ఒకనాడు బాలిక రాత్రి భోజనము మానును. మరునాడు ఫలహారమును మానును. తల్లి ఇదంతయు గమనించుచునే యుండును. పలికినచో బిడ్డ మనస్సు నొచ్చునని భయము, పలుకకున్నచో బిడ్డ ఆరోగ్యము చెడునని భయము. పైగా లోలోపల మరియొక ముల్లు కలదు: బిడ్డ కొంచెము సన్నబడిన బాగుండునని తానును ఎన్నడో ఒకనాడు తలచినదే కదా!

ఇట్టి వేళ కొందరు పెద్దలు వైరాగ్యము బోధింతురు. దేహము అశాశ్వతము, మాంసపు ముద్ద, దీనికై ఇంత చింత యేల యందురు. దేహమే సర్వస్వమని మురియువానికి ఆ మాట మందగును. తన దేహమును తానే ఏవగించుకొనుచున్న బాలికకు ఆ మాట పుండుపై కారము వంటిది. ఆమెకు కావలసినది దేహముపై గౌరవము. ఆ గౌరవమునకు ఆధారము వైష్ణవ సిద్ధాంతముననే దృఢముగా కలదు.

భగవద్రామానుజులు శ్రీభాష్యమున శరీరమునకు లక్షణము చెప్పిరి. ఏ ద్రవ్యమును చేతనుడు తన ప్రయోజనమునకై సంపూర్ణముగా నియమింపగలడో, ధరింపగలడో, ఏది ఆ చేతనునికి శేషమై యుండుటయే స్వభావముగా గలదో, అది ఆ చేతనునికి శరీరము. ఈ లక్షణమున రంగు ప్రసక్తి లేదు, పొడవు పొట్టుల ప్రసక్తి లేదు, లావు సన్నముల ప్రసక్తియు లేదు. సేవించుటయే శరీరము యొక్క శరీరత్వము. ఇంతేకాక, చేతనాచేతన ప్రపంచమంతయు పరమాత్మకు శరీరమని ఆ సిద్ధాంతము చెప్పుచున్నది. అట్లైనచో అద్దమున కనబడుచున్న ఆ బాలిక దేహమును స్వామి సొత్తే. పరుల సొత్తును నిందించుటకు ఆమెకే అధికారము లేనపుడు పెండ్లింటి బంధువులకు ఎక్కడిది?

శ్రీమద్రామాయణమున సుందరకాండ పారాయణము చేయువారికి ఇది సుపరిచితము. సముద్రమును లంఘించునపుడు హనుమ దేహమును పెంచెను. సురస నోరు తెరచినపుడు మొదట పెరిగి, పిదప బొటనవ్రేలంత యయ్యెను. రాత్రివేళ లంకలో ప్రవేశించునపుడు చిన్న రూపము దాల్చెను. సీతమ్మకు సందేహము కలిగినపుడు పర్వతాకారమును చూపెను. ఈ రూపములలో ఏది అందమైనదని హనుమ ఎన్నడును తర్కింపలేదు. ఏది రామకార్యమునకు ఉపకరించునను నొక్క విచారమే ఆయనకు కలదు. కార్యము దేహమునకు కొలత కావలెను.

అట్లైనచో క్రీడలలో బరువు తూచుటయే దోషమా? కాదు. భాగవత దశమస్కంధమున చాణూరముష్టికులు బాలురైన రామకృష్ణులతో మల్లయుద్ధమునకు దిగినపుడు, బలవంతులకును బాలురకును పోరు అన్యాయమని మధురాపుర స్త్రీలు దుఃఖించిరి. సమానులు సమానులతో పోరవలెనను ఆ న్యాయమే నేటి బరువు విభాగములలోను ఉన్నది. అది బలహీనులను రక్షించుటకు ఏర్పడిన నియమము. రక్షణకై పుట్టిన నియమమును గెలుపునకు ఉపాయముగా మార్చి, ఉన్న దేహమును పస్తులతో క్రింది విభాగమునకు దింపబూనుటయందే ప్రమాదము కలదు.

శ్రీకాకుళము జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 1994, 1995 సంవత్సరములలో 54 కిలోల విభాగమున ప్రపంచ విజేతగా నిలిచిరి. 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో ఆమె పోటీ చేసినది 69 కిలోల విభాగమున. స్నాచ్ పద్ధతిలో 110, క్లీన్ అండ్ జెర్క్ పద్ధతిలో 130, వెరసి 240 కిలోలు ఎత్తి కంచు పతకము గెలిచి, ఒలింపిక్ పతకము పొందిన ప్రథమ భారత మహిళ యైరి. అంకె తగ్గుటయే ఉన్నతి యనుకొను బాలికలకు తెలుగునేల నుండి వచ్చిన సమాధానమిది.

దీనికి ప్రక్కన మరియొక ఉదంతము నిలుచుచున్నది. 2024 ఆగష్టులో పారిస్ ఒలింపిక్సున హర్యానా కుస్తీ క్రీడాకారిణి వినేశ్ ఫోగట్ 50 కిలోల విభాగమున ఒకే దినమున ముగ్గురిని ఓడించి తుదిపోరు చేరిరి. ఆ రాత్రి యంతయు బరువు తగ్గుటకు పాటుపడి, తుదకు తలవెండ్రుకలు సైతము కత్తిరించుకొనిరి. అయినను మరునాటి ఉదయమున 100 గ్రాములు అధికముగా తూగి అనర్హురాలైరి. చిన్న అరటిపండు బరువు అంతయే. ఆమె పరాక్రమమునకు దేశమంతయు నమస్కరించినది. ఆ రాత్రి ఆ దేహము పడిన బాధను మాత్రము తల్లిదండ్రులు మరువరాదు. అమెరికాలో 1997 నవంబరు, డిసెంబరు నెలలలో ముగ్గురు కళాశాల కుస్తీ యువకులు పోటీకై వేగముగా బరువు తగ్గించుకొనబోయి ప్రాణములు కోల్పోయిరి. అటుపిమ్మటనే అక్కడి కళాశాల కుస్తీ నియమములు మారినవి.

అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నియమించిన వైద్యనిపుణులు 2014లో ఈ విషయమును విశదీకరించిరి. వ్యాయామమునకు తగిన ఆహారము చాలకాలము అందనిచో దేహము తన పనులను ఒక్కొక్కటిగా కుదించుకొనును. బాలికలకు ఋతుక్రమము తప్పును. ఎముకలు బలము కోల్పోయి చీలికలు పడును. ఎదుగుదల కుంటుపడును, మనస్సు కృంగును. ఇది బాలురకును కలుగును. యౌవనారంభమున బాలికల దేహమునకు కొంత క్రొవ్వు చేరుట ప్రకృతి ధర్మము. ఎముకలలో అధికభాగము గట్టిపడునదియు ఆ యేండ్లలోనే. ఆ కాలమున పస్తులుండుట పునాది వేయునపుడు రాళ్లు దొంగిలించుట వంటిది. కండరము క్రొవ్వుకంటె సాంద్రమైనది గావున, ఆటలాడు బిడ్డ విషయమున ఎత్తుకును బరువునకును గల నిష్పత్తి ఒక్కటే ఆరోగ్యమును తెలుపజాలదు.

ఆస్తికుల ఇండ్లలో మరియొక చిక్కు కలదు. ఆహారము మానదలచిన బాలికకు ఉపవాసము మంచి మాటుగా దొరకును. ఏకాదశియనును, శనివారమనును, మరియొక మ్రొక్కు అనును. ఇంటివారు చిన్నవయస్సుననే ఎంత భక్తి యని మెచ్చుకొందురు. ఇచ్చట పెద్దలు మేలుకొనవలెను. ఉపవాసమనగా సమీపమున వసించుట, భగవంతుని సన్నిధిని నిలుచుట. వ్రతమునకు సంకల్పము కలదు, కాలపరిమితి కలదు, పారణ కలదు. భాగవత నవమస్కంధమున అంబరీషుని కథను స్మరింపుడు. ద్వాదశి ఘడియలు దాటిపోవుచుండగా, అతిథియైన దుర్వాసుడు స్నానమునకు పోయి రాకుండగా, పారణ తప్పరాదని ఆ రాజర్షి జలము పుచ్చుకొనెను. ఉపవాసమును ప్రారంభించుట ఎంత ధర్మమో, సకాలమున ముగించుట అంత ధర్మము. పారణ లేని పస్తు వ్రతము కాజాలదు. నీరు, కందమూలములు, పండ్లు, పాలు, ఔషధము, గురువుల ఆజ్ఞ, ఇవి వ్రతమును చెరుపవని పెద్దలు ఏనాడో నిర్ణయించిరి. పాలు పండ్లను సైతము భయముతో త్రోసివేయు బాలిక స్వామి యెదుట కూర్చుండలేదు, అద్దము నెదుట కూర్చున్నది.

గీతాచార్యుడు ఆరవ అధ్యాయమున అతిగా భుజించువానికిని, బొత్తిగా భుజింపనివానికిని యోగము కుదరదని సమముగా చెప్పెను. పదునేడవ అధ్యాయమున మరింత తీవ్రముగా పలికెను. శాస్త్రము విధింపని ఘోరతపస్సుచే దేహమును పీడించువారు లోపలనున్న తన్నును పీడించుచున్నారనెను. అక్కడి క్రియ 'కృశ' ధాతువునుండి పుట్టినది. తెలుగున కృశించుట యను మాటయు దానినుండి వచ్చినదే. బిడ్డ తన్ను తాను కృశింపజేసికొనునపుడు కృశించునది ఎవరి సొత్తో ఈ మాట తెలుపుచున్నది. భగవద్రామానుజుల గీతాభాష్యము దేహములోని భూతములతోపాటు స్వామికి అంశభూతుడైన జీవుడును పీడింపబడునని వివరించుచున్నది.

ఇక తల్లిదండ్రుల కర్తవ్యమేమి? మొదటిది వాక్కును నియమించుకొనుట. బిడ్డ దేహమును గూర్చి పరిహాసము, పొగడ్త, పోలిక, మూడును మానవలెను. బంధువులు పలికినచో బిడ్డ యెదుటనే మృదువుగా వారింపవలెను. తల్లి తన దేహమును తాను నిందించుకొనుటయు మానవలెను. ఆ మాట బిడ్డ చెవిలో పడుచునే యుండును. రెండవది, ఇంటిలో అందరును ఒకే పంక్తిని, ఒకే వంట భుజించుట. వైద్యుడు నిజముగా బరువు తగ్గవలెనని చెప్పినచో ఇల్లంతయు ఆహారమును మార్చుకొనవలెను గాని బిడ్డ విస్తరిని మాత్రము వేరుచేయరాదు. ప్రసాదము వద్దన్న బిడ్డను పాపభీతి చూపి తినిపించుటయు తగదు. అనుగ్రహముగా రావలసినది దండనగా మారును. మూడవది, శిక్షకునితో మాటలాడుట. ఈ విభాగము బిడ్డ ఎదుగుదలకు తగినదా, పై విభాగమున ఆడిన నష్టమేమి యని అడుగుటకు తండ్రికి అధికారము కలదు. మగపిల్లల విషయమున కండలకై వాడు పొడులను, సూదిమందులను గూర్చి ఇట్లే విచారింపవలెను.

నాల్గవది అన్నింటికంటె ముఖ్యము. ఋతుక్రమము మూడు నెలలు తప్పినను, ఎముకలకు మాటిమాటికి దెబ్బ తగిలినను, తల తిరిగి పడినను, అన్నము దాచినను, తిన్నదానిని కక్కివేసినను ఆలస్యము చేయక వైద్యుని చూపవలెను. అది మొండితనము కాదు, వ్యాధి. గద్దింపు దానికి చికిత్స కాదు. ఇట్టి వేళ మ్రొక్కు మ్రొక్కుకొనుడు, వైద్యుని యొద్దకును పొండు. రెండింటికిని విరోధము లేదు.

తల్లి భయమును తప్పుపట్టరాదు. ఆ భయము వాత్సల్యమునుండి పుట్టినది. వత్సమనగా దూడ. అప్పుడే పుట్టిన దూడ ఒంటిపై మాలిన్యమున్నను ఆవు ఏవగింపక నాకి శుభ్రము చేయును. అట్టి ప్రేమకే వాత్సల్యమని పేరు. స్వామి గుణములలో దీనిని ఆచార్యులు ప్రత్యేకముగా కీర్తించిరి. తన లోపములను ఎంచువారు బిడ్డకు లోకమున కొదవ లేదు. ఎంచని కన్నులు ఇంటిలో ఒక జత యున్న చాలును. ముందు తాను ఎన్నడో తలచిన తలపును తల్లి విడువవలెను. అప్పుడే ఆమె ప్రశ్నకు బిడ్డ నిజమైన ఉత్తరము ఇచ్చును. పలుకుటయా, మానుటయా యను సంకటము తీరు దారి అది. దేహము ఎట్లున్నదని గాక, ఆకలి వేయుచున్నదా, నిద్ర పట్టుచున్నదా, ఆటలో సంతోషమున్నదా యని అడుగవలెను.

అలిపిరి నుండి కొండకు 3,550 మెట్లు. మోకాళ్ల నొప్పితో ఎక్కుచున్న నాయనమ్మ చేయి పట్టుకొని, ఆమె సంచిని భుజమున వేసికొని, మెట్టుమెట్టునకు ఆగుచు నడపించు మనుమరాలికి ఆ శక్తి ఎక్కడిది? పెండ్లింట నవ్విన ఆ భుజములదే, ఆ తొడలదే. శేషత్వమనగా ఏమో గ్రంథములు చదువకయే ఆ దేహము ఎరిగియున్నది. ఆ సంగతిని బిడ్డకు తెలియజెప్పుట పెద్దల పని.