అమ్మలూ, నీ పెట్టలకు ఏం పెడుతున్నావు?

నిన్న నువ్వు ఫోన్లో చెప్పిన దగ్గర్నుంచీ నా మనసు నీ పెరట్లోనే ఉంది తల్లీ. ఎనిమిది పెట్టలు, వారం రోజులుగా తోలుగుడ్లు, ఒకటైతే గూటి దగ్గర కూలబడి లేవలేకపోతోందన్నావు. "రెండు పూటలా సన్నబియ్యం నూకలు చేటెడేసి పోస్తున్నాను పెద్దమ్మా, వాటికింకేం కావాలి?" అని అడిగావు. నోటితో చెబితే సగం మరిచిపోతావని రాస్తున్నాను.

నీ ప్రేమకేం లోటు లేదు. లోటంతా నూకల్లో ఉంది. వాటిలో మాంసకృత్తులు నూటికి ఏడెనిమిది పాళ్లకు మించవు. గుడ్లు పెట్టే పెట్టకు పదహారు, పదిహేడు కావాలి. కాల్షియమంటావా, నూకల్లో లేనట్టే లెక్క. కడుపు నిండుతుంది గానీ గుడ్డు తయారవదు.

మరి అమ్మమ్మ నూకలతోనే కోళ్లను సాకలేదా అంటావు. సాకింది. అవి నాటుపెట్టలు. ఏడాది మొత్తానికి యాభై అరవై గుడ్లు పెట్టేవి, అదీ పది పదిహేను పెట్టగానే పొదుగుకు కూర్చునేవి. పొద్దున్నే గంప ఎత్తితే చీకటిపడే దాకా పెంటకుప్ప మీద, గడ్డివామి కింద, కాలువ గట్టున తిరిగి చెదలు, మిడతలు, నత్తలు ఏరుకు తినేవి. అసలు మేత అది. అమ్మమ్మ చల్లే గుప్పెడు నూకలు వాటిని సాయంత్రం ఇంటికి పిలుచుకోవడానికే. నీ దగ్గరున్నవి గ్రామప్రియ పెట్టలు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన కోళ్లవి. నాటుపెట్టకు మూడింతలు గుడ్లు పెట్టగలవు. పని మూడింతలైనప్పుడు తిండి పాతదే అయితే ఎలాగమ్మా? పైగా మీ పెరడంతా సిమెంటు, చుట్టూ గోడ. అక్కడ వాటికి చెదపురుగెక్కడ దొరుకుతుంది?

ఒక గుడ్డు పెంకు అరచేతిలో పెట్టుకుని చూడు. ఐదారు గ్రాములుంటుంది. అందులో కాల్షియమే రెండు గ్రాములు. ఆ పెంకు కట్టడానికి ఇరవై గంటలు పడుతుంది. అందులో ఎక్కువ భాగం రాత్రిపూట, కోడి గూట్లో కునుకు తీస్తూ మేత ముట్టని వేళ జరుగుతుంది. తిన్నదాంట్లో సున్నం మిగిలి ఉంటే అందులోంచి తీసుకుంటుంది. లేకపోతే తన ఎముకల్లోంచి తీసి నీకు గుడ్డు ఇస్తుంది. ఎముకల్లోదీ తరిగిపోయాక తోలుగుడ్డు పడుతుంది, ఆ తర్వాత కాళ్లు నిలవవు. నువ్వు కూలబడిందన్న పెట్ట మీద నాకు మొదట వచ్చిన అనుమానం ఇదే. అయినా గుడ్డు అడ్డంపడినా, జబ్బు చేసినా అలాగే కూలబడుతుంది కాబట్టి ఇవాళే పశువుల డాక్టరుకు చూపించు. కోడికి కూడా డాక్టరేమిటని ఎవరన్నా అంటే అననీ.

మిగిలిన ఏడింటికీ ఒక మట్టి చిప్పలో ఆలిచిప్పల పలుకులు పెట్టు. మెత్తటి పొడి కాదు, కందిబద్దంత పలుకులు. పొడి తొందరగా దిగిపోతుంది. పలుకు కందనకాయలో నిలిచి రాత్రంతా కొద్దికొద్దిగా కరుగుతుంది, పెంకు కట్టే వేళకు అందుతుంది. అందుకే సాయంత్రం పూట పెట్టమంటాను. నేను ఐదింటికి చిప్ప పెట్టి అరుగు మీద కూర్చుని చూసేదాన్ని. గుడ్ల మీదున్న పెట్ట మేత వదిలేసి నేరుగా చిప్ప దగ్గరికి వచ్చి టకటకా ఏరుకునేది. పుంజు వచ్చి ఒక పలుకు పొడిచి చూసి వెళ్లిపోయేది. ఎంత కావాలో పెట్టకు తెలుసు, మనం అందుబాటులో ఉంచితే చాలు. ఇంట్లో వాడిన గుడ్డు పెంకులు కూడా పారెయ్యకు. పెనం మీద వేయించి, బాగా నలిపి అందులోనే కలుపు. చిప్పలు చిప్పలుగా పడేస్తే మాత్రం గుడ్డు పొడుచుకు తినే అలవాటు పడుతుంది, అది మాన్పించడం మహా కష్టం.

ఇక మేత. దాణా కొట్లో పిల్లలకు స్టార్టర్, ఎదిగేవాటికి గ్రోయర్, గుడ్లు పెట్టేవాటికి లేయర్ అని ఉంటాయి. నీకు కావలసింది లేయర్. బ్రాయిలర్ దాణా చవకగా వచ్చిందని తేకు, పెట్టకు కొవ్వు పట్టి గుడ్లు తగ్గుతాయి. లేయర్ దాణా కూడా పిల్లలకు తొలిగుడ్డు దగ్గరపడే దాకా ముట్టించకు. ఇది నేను ఏడ్చి నేర్చుకున్న సంగతి. ఒక ఏడాది ఆరువారాల పిల్లలు ముప్పై ఉంటే, పెట్టల సంచి ఎలాగూ విప్పాను కదా అని అదే వాటికీ వేశాను. కొన్నాళ్లకు తెల్లగా నీళ్ల విరేచనాలు, తర్వాత రోజుకొకటి చొప్పున పదకొండు పోయాయి. డాక్టరుగారు ఒకదాన్ని కోసి చూపించారు. మూత్రపిండాలు ఉబ్బి, గుండె మీద సుద్ద పూసినట్టు తెల్లటి పొర. లేయర్ దాణాలో కాల్షియం మూడున్నర, నాలుగు శాతం ఉంటుంది. పిల్లలకు ఒక శాతం సరిపోతుంది. ఆ తెల్లటి పొర ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

కొన్నది వద్దు, నేనే కలుపుకుంటానంటావా, మంచిదే. పది కిలోలకు నలగ్గొట్టిన మొక్కజొన్న ఐదు కిలోలు, తాజా తవుడు కిలోన్నర, సోయా చెక్క రెండుంబావు, ఆలిచిప్పల పొడి (ఇది మేతలో కలవాలి గనుక పొడే) కిలోకు కాస్త తక్కువ, ఖనిజ లవణ మిశ్రమం పావుకిలో, ఉప్పు ముప్పై గ్రాములు. ఉప్పు మాత్రం తూచి వెయ్యి, చేత్తో ఉజ్జాయింపుగా వెయ్యకు. మొక్కజొన్న బదులు సగం జొన్నలో సజ్జలో వెయ్యొచ్చు. సోయా గింజలు పచ్చివి ఆడించి వెయ్యకు, అవి అరగవు. బయట తిరగని పెట్టకు రోజుకు నూరు నుంచి నూట ఇరవై గ్రాములు కావాలి. నీ ఎనిమిదింటికీ కలిపి కిలోకు కొంచెం తక్కువ పడుతుంది. నూకలు పూర్తిగా మానెయ్యనక్కర్లేదు, సాయంత్రం ఒక్క గుప్పెడు చాలు. మానెయ్యడం, మార్చడం ఏదైనా వారం రోజుల్లో మెల్లగా చెయ్యి.

పక్కింటివాళ్లు బర్రెలకు తెచ్చిన పత్తి చెక్క ఇస్తామన్నారన్నావు చూడు, అది వద్దు తల్లీ. బర్రె అరిగించుకుంటుంది గానీ పెట్టకు పడదు. గుడ్లు తగ్గుతాయి, నిల్వ ఉంచిన గుడ్డులో సొన ఆకుపచ్చగా, గోధుమరంగుగా మారుతుంది. వేరుశనగ చెక్క మంచి బలమే, కానీ చెమ్మ తగిలితే బూజు పడుతుంది. ఆ బూజు విషం కాలేయాన్ని తినేస్తుంది. ఎండబెట్టినా, కడిగినా పోదు. దాణా సంచి నేలమీద, గోడకు ఆనించి పెట్టకు, చెక్కబల్ల మీద పెట్టు. వానాకాలం పదిహేను రోజులకు సరిపడా మాత్రమే తెచ్చుకో. చేయి పెడితే వెచ్చగా తగిలినా, ముక్క వాసన వచ్చినా, ఎంత ఖరీదు పెట్టినదైనా పారెయ్యి.

అజొల్లా తొట్టి పెట్టుకుంటానన్నావు, పెట్టుకో. కానీ ఆ నీటిమొక్కలో నూటికి తొంభై పాళ్లకు పైగా నీళ్లే. అది కూరలాంటిది, అన్నం కాదు. మునగాకు, పాలకూర గుత్తిగా కట్టి వేలాడదియ్యి, ఎగిరెగిరి పొడుచుకుంటాయి. సొన రంగు దిద్దుకుంటుంది. పచ్చడి కలిపిన అన్నం, ఉప్పుచేప ముక్కలు వెయ్యకు.

మీ ఖమ్మం ఎండలు నాకు తెలుసు. వేసవిలో మధ్యాహ్నం పెట్ట తినదు, నోరు తెరుచుకుని రొప్పుతుంది, అప్పుడు పెంకు పల్చబడుతుంది. తెల్లారకముందే ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి మేత పెట్టు. నీళ్లు మాత్రం నీడలో, కుండ మూకుడులో, రోజుకు రెండు మూడుసార్లు మార్చు. మేతకు రెట్టింపు నీళ్లు తాగుతుందది, ఎండల్లో ఇంకా ఎక్కువ. ఒక పూట నీళ్లు లేకపోయినా ఆ తర్వాత గుడ్ల మీద కనిపిస్తుంది.

రాత్రి గూట్లో సద్దుమణిగాక ఒక్కొక్కదాన్నీ మెల్లగా ఎత్తి రొమ్ము ఎముక తడిమి చూడు. కత్తి అంచులా తగిలితే తిండి చాలడం లేదు. ఎముక అసలు చేతికి దొరక్కుండా మెత్తగా ఉంటే ఎక్కువవుతోంది. ఈకలు రాల్చే రోజుల్లో గుడ్లు ఆగిపోతాయి, కంగారుపడి కోసెయ్యకు. కొత్త ఈక అంతా మాంసకృత్తులే కనుక ఆ నెలా రెండు నెలలు మేత తగ్గించకుండా పెట్టు, మళ్లీ పెడతాయి.

రేపు సాయంత్రమే చిప్ప పెట్టు. మూడు వారాలయ్యాక ఒక గుడ్డు చేతిలోకి తీసుకుని పెంకు గట్టిపడిందో లేదో చూసి నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ