గ్రామసేవయు వృద్ధుల యెఱుకయు

విద్యావంతుడు పల్లెకు సేవచేయ బోవునప్పుడు తాను దాతగా పోవుచున్నాడా, శిష్యుడుగా పోవుచున్నాడా? ఈ ప్రశ్నకు మనమిచ్చు ప్రత్యుత్తరమునుబట్టియే మన సేవ ధర్మమగునో, దర్పమగునో తేలును.

1969వ సంవత్సరము సెప్టెంబరు 24వ తేదీన, గాంధీమహాత్ముని శతజయంతి వత్సరమున, జాతీయ సేవాపథకము 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో ప్రారంభమయ్యెను. అందు చేరిన విద్యార్థి రెండేండ్లలో 240 గంటలు సేవచేయవలెను. దత్తత గైకొన్న గ్రామమున ఏడు దినములు శిబిరములో నుండవలెను. ఉద్దేశము శ్లాఘ్యము. గాని ‘దత్తత’ యను మాటను చదువరులు కొంచెము విచారింపుదురు గాక. 1956వ సంవత్సరపు హిందూ దత్తత చట్టము ననుసరించి, వేఱు ఆచారము లేనిచో, పదునైదేండ్లు నిండినవానిని దత్తత చేసికొన వీలులేదు. ఇరువదేండ్ల విద్యార్థి వందలయేండ్ల గ్రామమును దత్తత గైకొనుట యెట్లు? బిడ్డకు మనము నేర్పుదుము, తాతయొద్ద నేర్చుకొందుము. మాటలో నున్న పొరపాటు మనస్సులోనికిని ప్రవేశించును.

రాజస్థానమునందలి అల్వర్ జిల్లాలో జరిగిన యొక సంగతి యిందుకు మంచి నిదర్శనము. 1985వ సంవత్సరమున రాజేంద్రసింగు అను యువకుడు నలువురు మిత్రులతో అచ్చటి పల్లెలకు పోయెను. ఆయన ఆయుర్వేదము చదివినవాడు. మందులిచ్చుటకును, అక్షరములు నేర్పుటకును సంకల్పించుకొని వచ్చినవాడు. అప్పటికి బావు లెండిపోయి, పాటుపడగల పడుచువారు పట్టణములకు వలసపోగా, ముసలివారే యూరిలో మిగిలియుండిరి. వారిలో నొక వృద్ధుడు మాకు కావలసినది మందు గాదు, చదువు గాదు, నీరు అని తేల్చి చెప్పెను. ఆ నీరు వచ్చు మార్గమును కూడ ఆయనయే చూపెను. పూర్వులు వాలునకు అడ్డముగా అర్ధచంద్రాకారమున మట్టికట్టలు వేసి వాననీటిని నిలుపుచుండిరి. వానిని జోహడ్ లందురు. అవి పూడిపోయినందుననే బావులు ఎండినవని ముసలివారికి తెలియును. యువకుడు పార పట్టెను. కట్ట నిలిచెను, నీరు భూమిలోనికి ఇంకెను, దిగువ బావులలో ఊట మొదలయ్యెను. ఆ మాదిరినే పరీవాహకప్రాంత మంతటను వందలకొలది కట్టలు వేయగా, వానకాలము ముగియగానే ఎండిపోవు అర్వరీ నది 1990వ దశకపు మధ్యనాటికి మరల ఏడాది పొడుగున పాఱసాగెను. రాజేంద్రసింగునకు 2001లో మెగసెసే బహుమానమును, 2015లో స్టాక్‌హోం జలపురస్కారమును లభించినవి. తాను తెచ్చిన సంకల్పమును ప్రక్కన బెట్టి వృద్ధుని మాట వినుటయే ఆయన చేసిన ప్రథమసేవ యని నా యభిప్రాయము.

న్యాయవాదవృత్తిలో నున్నవాడను గనుక మఱియొక మాట మనవి చేయుచున్నాను. 1872వ సంవత్సరపు సాక్ష్యచట్టము 48వ సెక్షనులో, సామాన్యమైన యాచారముగాని హక్కుగాని కలదా యను విషయమున, దానిని ఎఱిగియుండదగిన వారి యభిప్రాయమును సాక్ష్యముగా స్వీకరించిరి. ఉదాహరణముగా వ్రాసినదేమి? ఒక గ్రామములోని బావినీటిని వాడుకొనుటకు ఆ గ్రామస్థులకు గల హక్కు! 2024 జూలై 1వ తేదీనుండి ఆ చట్టమునకు మాఱుగా భారతీయ సాక్ష్య అధినియమము అమలులోనికి వచ్చినను ఈ సూత్రము నిలిచియే యున్నది. న్యాయస్థానము గౌరవించు ఎఱుకను సేవకుడు గౌరవింపకుండుట యుక్తమా?

ఇచ్చట సంస్కారాభిమానులు న్యాయముగా ఆక్షేపింపగలరు. “వృద్ధుల మాటయే ప్రమాణమైనచో సంస్కరణ మెక్కడిది? 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు వృద్ధుల నాజ్ఞ వేడి యుండినచో మొదటి వితంతువివాహము జరిగియుండునా?” అని యడుగుదురు. జరిగియుండదు. అంటరానితనమును, బాల్యవివాహమును సమర్థించినవారును నెరసిన తలవారే. కాబట్టి నెరసిన తల యను కారణముచేతనే యేమాటయు ప్రమాణము కానేరదు.

అయిన నీ రెండు మాటలను వేఱుపఱచు గుఱుతొకటి గలదు. తప్పైనచో నష్టము ఎవరిది? వాననుగూర్చి, మన్నునుగూర్చి, విత్తనమునుగూర్చి రైతు తప్పు తలచినయెడల అతని పొలమే యెండును, అతని పిల్లలే పస్తుండుదురు. అట్టి యెఱుకను ప్రకృతి యేటేట పరీక్షించుచుండును. పరీక్షకు నిలువనిది రాలిపోవును. వితంతువు తల గొఱిగింపవలెనని విధించిన పెద్దకో, తప్పువలన పోయినదేమియు లేదు. నష్టమంతయు ఆ బాలికదే. తన చెమటతో మూల్యము చెల్లించి సంపాదించినది జ్ఞానము. ఇతరుల కన్నీటిచే చెల్లింపజేసినది అధికారము. మొదటిదానికి మ్రొక్కుదము, రెండవదానిని ఎదిరింతము.

ఈ గుఱుతునుబట్టి చూచినచో పెద్దలెవ్వరో కూడ బోధపడును. మనము ఊరికి పోయి రచ్చబండపై కూర్చున్నవారినే అడిగి వత్తుము. తూము తెఱచి మూయు నీరటికాడు ఏ మడికి ఎంతసేపు నీరు చాలునో ఎఱుగును. అతని నడుగువారు అరుదు. జహీరాబాదు ప్రాంతమున 1983 నుండి పనిచేయుచు వచ్చిన డెక్కన్ డెవలప్‌మెంటు సొసైటీ సంఘములలో ముఖ్యులు పేద దళితస్త్రీలు. విత్తనమును బూడిదతోను వేపాకుతోను కలిపి బుట్టలలో దాచి, కొఱ్ఱలు, జొన్నలు మొదలగు పంటలను వారు కాపాడిరి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారి ఈక్వేటర్ బహుమానము ఆ సొసైటీకి వచ్చినది. అక్షరము రాని అవ్వలే అచ్చట ఆచార్యులు.

విద్యావంతునికి పల్లెలో పనియే లేదని నా తాత్పర్యము గాదు. బావినీటిలోని ఫ్లోరైడు ఏ వృద్ధుని నాలుకకును తెలియదు. ఎముకలు వంగిపోవు వ్యాధికి అదియే హేతువని మన దేశమున మొదట 1937లో, నెల్లూరు జిల్లాలో, వైద్యశాస్త్రజ్ఞులు కనిపెట్టవలసి వచ్చెను. ముసలివారు తరతరములుగా ఆ నీటినే త్రాగుచుండిరి. తాతలు చూడని లోతులకు బోరుబావులు దిగిన యీకాలమున పరీక్షాశాల యవసర మింకను హెచ్చినది. పల్లె ఎఱుగనిది మనము చెప్పవలెను. మన మెఱుగనిది పల్లె చెప్పును. అయితే మొదట వినవలసినవారము మనమే. ఏలయన, వచ్చినవారము మనము.

కాన, సోదరులారా, గ్రామసేవకు బయలుదేరు మన పిల్లల చేతికి పలుగుపారలతోపాటు ఒక ఖాళీ పుస్తకమును కూడ ఇత్తము. ఏడుదినముల శిబిరములో మొదటి రెండు దినములు వినుటకే విడువవలెను. ముసలి రైతును, నీరటికానిని, విత్తనములు దాచు అవ్వను, మంత్రసానిని అడిగి వారు చెప్పినది వ్రాసికొనవలెను. ఊరు విడుచునప్పుడు ఎన్ని గజముల బాట వేసితిమని లెక్కించుటతో చాలింపక, ఎందరి యొద్ద ఏమి నేర్చితిమని కూడ లెక్క చెప్పవలెను. ఆ రెండవ లెక్క శూన్యమైనచో మొదటి లెక్కను నమ్మరాదు.