సాగనంపిన ముసలివాడు

చదువవలసిన వాక్యభాగము: 2 సమూయేలు 19:31–39



మేము 1953వ సంవత్సరమున బోధను దగ్గరి ఒక పల్లెలో పుట్టినవారము. 1931లో కట్టి ముగించిన నిజాంసాగరు కాలువ నీళ్లు మా పొలములను తడిపెను. 1937లో శక్కరనగరులో స్థాపింపబడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ మా చెరుకును కొనెను. చలికాలపు వేకువను చెరుకు బండ్లు బారులు తీరి పోవుట చూచుచు పెరిగితిమి. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడెను. అంతకు ఎంతో ముందే మేము పిల్లల చదువు నిమిత్తము పల్లె విడిచి, నిజామాబాదు శివారున, పొలములను ప్లాట్లు చేసిన చోట, మూడు గదుల ఇల్లు కట్టుకొంటిమి. ఇప్పుడు ఆ గదులలో భార్యాభర్తలము ఇద్దరమే యున్నాము. పెద్దవాడు హైదరాబాదులో, చిన్నవాడు గల్ఫులో ఉన్నారు. మా వీధిలో అనేకుల ఇండ్లు ఇట్లే యున్నవి. సాయంకాలము గేటు దగ్గర కుర్చీ వేసికొని, ఫోను మ్రోగునేమోయని కనిపెట్టు ముసలివారి వీధి అది.

గత సంవత్సరము పెద్దవాడు వచ్చి, "బాపూ, మీరిద్దరు మాతోనే ఉండుండ్రి, ఈ ఇల్లు కిరాయికిద్దాం" అని బ్రతిమాలెను. మేము రామంటిమి. అంతటితో ఊరకుండక, "మమ్ముల ఈడ పడేసి పోయినవు, ఇప్పుడు పిలుస్తున్నవా? మన్ను పెట్టనీకె వస్తే సాలు" అంటిమి. వాడు మారు పలుకక బస్సెక్కెను. మూడు నెలలు ఫోను రాలేదు. మేమును చేయలేదు.

ఆ దినములలో మా వాక్యపఠనమునందు బర్జిల్లయి సంగతి వచ్చెను. అబ్షాలోము తిరుగబడగా దావీదు మహనయీమునకు పారిపోయినప్పుడు, ఈ గిలాదీయుడు పరుపులు, పాత్రలు, గోధుమలు, యవలు, తేనె, వెన్న తెచ్చి అతని జనులను ఆదుకొనిన వారిలో ఒకడు (2 సమూయేలు 17:27–29). యుద్ధము ముగిసిన తరువాత రాజు అతనిని యెరూషలేములో తన యొద్ద ఉండుటకు పిలిచెను. అప్పటికి అతనికి 80 యేండ్లు. తనకు అన్నపు రుచి తెలియదనియు, పాట వినబడదనియు, రాజునకు భారముగా నుండుట తగదనియు చెప్పి, తలిదండ్రుల సమాధి యున్న తన ఊరనే కన్నుమూయనిమ్మని మనవి చేసెను.

బర్జిల్లయి రానని చెప్పెను. మేమును రామని చెప్పితిమి. మాట ఒక్కటే, మనస్సు వేరు. అతడు తాను వెళ్లకపోయినను, రాజుతో కూడ యొర్దాను దాకా వచ్చెను. వచ్చి కింహామును చూపి, ఇతనిని తీసికొనిపొమ్మని అప్పగించెను. కింహాము అతని కుమారుడని అనేకులు తలంతురు. నీవు పోయినచో నన్నెవరు చూతురని ఆ ముసలివాడు అడుగలేదు. రాజు అతనిని ముద్దుపెట్టుకొని దీవించెను. అతడు తన ఊరికి తిరిగిపోయెను.

ఇది చదివినప్పుడు మాకు మా అవ్వ జ్ఞాపకమునకు వచ్చెను. మేము పల్లె విడిచిన నాటికి ఆమె విధవరాలు. మేము పిలిచితిమి, ఆమె రాలేదు. బస్సు ఆగు చెట్టు దాకా నడిచివచ్చి, కొంగున కట్టిన బెల్లపు ముద్ద మా పిల్లల చేతిలో పెట్టి, "పో బిడ్డా, పిల్లలు సదువుకోవాలె. నా గురించి రంది పడకు" అనెను. ఆమెను విడిచివచ్చిన మేము, మమ్మును విడిచిపోయెనని కొడుకును నిందించితిమి! ఆమె మాకు చేసిన మేలును మేము వానికి చేయకపోతిమి. ఆ రాత్రి మోకాళ్లూని దేవుని యెదుట ఒప్పుకొంటిమి.

చెరుకు పండించువారికి ఈ సంగతి తెలియును. గడ నరికి బండికెత్తిన తరువాత మోడు నేలలోనే యుండును. అది ఫ్యాక్టరీకి పోదు. అయినను నీరు పెట్టినచో దానినుండియే పిలకలు లేచి మరియొక పంటయగును. పోయిన గడను తిరిగి యిమ్మని మోడు అడుగదు. ముసలితనమునందును ఫలించువారిని గూర్చి 92వ కీర్తన 14వ వచనము చెప్పుచున్నది. పిల్లలను దీవించి పంపుటయు, వారికొరకు ప్రార్థించుటయు అట్టి ఫలమే.

అయితే ఒక మాట. బర్జిల్లయి గొప్ప ఆస్తిపరుడు. మన సంఘములలోనైతే కన్ను కనబడనివారు, పొయ్యి రాజేయలేనివారు ఉన్నారు. వారిని ఒంటరిగా విడుచుటకు ఈ వాక్యమును సాకు చేసికొనరాదు. సిలువ బాధలో నుండియు ప్రభువు తన తల్లిని శిష్యునికి అప్పగించెను (యోహాను 19:26–27). పిల్లలారా, పిలుచుట మానకుడి. పెద్దలారా, పోవుటయో ఉండుటయో ప్రార్థించి నిర్ణయించుకొనుడి. ఏది చేసినను నిష్ఠూరము లేక చేయుడి. సంఘస్థులారా, ఆదివారము ఒక ముసలివారి చోటు ఖాళీగా కనబడినచో, ఆ దినమే వారి తలుపు తట్టుడి.

మేము ఒప్పుకొన్న మరునాడే ఫోను చేసితిమి. "తప్పయింది బిడ్డా" అంటిమి. అవతల కొంతసేపు మాట లేదు. తరువాత, "అన్నం తిన్నరా బాపూ?" అని వాడు అడిగెను. మేమింకను శివారు ఇంటనే యున్నాము. అయితే వాడు వచ్చి పోవునప్పుడెల్ల బస్టాండు దాకా వెళ్లి, తలమీద చేయుంచి ప్రార్థించి సాగనంపుచున్నాము.

దావీదు తన మరణకాలమున బర్జిల్లయి కుమారులను మరువక, వారిని తన బల్లయొద్ద భోజనము చేయువారిలో ఉంచుమని సొలొమోనుకు చెప్పెను (1 రాజులు 2:7). మనము మనస్సార విడిచిపెట్టిన పిల్లలను మన రాజు మరువడు. వారిని ఆయన చేతికి అప్పగించుదుము గాక. ఆమేన్.